మొదటి సంతకం

అమ్మడూ,

విదేశాంగ శాఖలో నీకు పెద్ద హోదా ఇచ్చారని రేవులో అందరికీ చెప్పాను. కొందరికి రెండుసార్లు చెప్పానట. నేను మోసే బస్తాల మీద దేశాల పేర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్న పిల్లవి, ఇప్పుడు ఆ దేశాలవాళ్లకి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నావు. మీ అమ్మ ఉంటే నాకు చెప్పే వంతు వచ్చేదే కాదు.

అవతలి తీరం నుంచి ఓడలు తగ్గాయి. ఎందుకో నీకు తెలిసే ఉంటుంది. నా నడుము బాగానే ఉంది.

ఉంటాను,
మీ నాన్న

ప్రియమైన నాన్నకు,

ఆలస్యమైంది, కోప్పడకు. అవతలి తీరంవాళ్లతో మాటలు చెడ్డాయి. ఏడాదిపాటు వాళ్ల ఓడల్ని రానివ్వకూడదని నిర్ణయించారు. నిర్ణయించారు అంటున్నాను గానీ, ఆ ఉత్తర్వు రాసింది నేనే. నీకు ఇంకొకరి నోట తెలియకూడదని చెబుతున్నాను. యుద్ధం రాకుండా ఆపడానికి ఇదొక్కటే దారి అనుకున్నాం. కొన్నాళ్లు నా దగ్గరికి వచ్చేయ్.

నీ అమ్మడు

అమ్మడూ,

రాలేను. ఇక్కడ ఎవరికీ పని లేదు. క్రేన్ల మీద పక్షులు గూళ్లు కట్టాయి.

"మీ అమ్మాయికి ఓ ముక్క రాయరాదూ" అన్నాడు మేస్త్రీ.

"తండ్రిగా అడిగితే దాని ఉద్యోగానికి మచ్చ. అందరితోపాటే అడుగుతా" అన్నాను.

అందరం కలిసి మీ శాఖకి అర్జీ పెట్టాం. ఓడలు ఆపితే ఆపారు, వేరే పనైనా చూపించమని. వయసులో పెద్దవాణ్ని కాబట్టి మొదటి సంతకం నాది.

మొన్న జవాబొచ్చింది, కింద నీ సంతకంతో. చదవడం వచ్చినవాణ్నని నా చేతే చదివించారు. పరిశీలించారట, చింతిస్తున్నారట, వీలుపడదట. చివరిదాకా చదివి, మడిచి మేస్త్రీ చేతికిచ్చాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

నీ మీద కోపం లేదు. నా పేరు చూసి కూడా న్యాయం తప్పకుండా సంతకం పెట్టావంటే, లోపల ఎంత నలిగిపోయి ఉంటావో నాకు తెలుసు. వాళ్లకీ అదే చెప్పాను. నమ్మారు.

మీ నాన్న

నాన్నా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించేశాను.

మీ అర్జీ నా బల్ల మీదికొచ్చింది. పైన చిన్న చీటీ అంటించి ఉంది: 'రేవు కూలీలు, నూట పన్నెండు మంది.' జవాబు గుమాస్తా రాసి తెచ్చాడు. సంతకం పెట్టి పక్కన పెట్టాను. కాగితం తిప్పి కింది సంతకాలు చూడలేదు నాన్నా.

నీ ఉత్తరం అందాక అర్జీ మళ్లీ తెప్పించుకుని, నూట పన్నెండు పేర్లూ చదివాను. సగం మంది నన్ను ఎత్తుకుని తిప్పినవాళ్లే.

నేను నలిగిపోలేదు. ఆ రోజు భోజనం కూడా మానలేదు.

వాళ్లకి చెప్పిన ఆ మాట వెనక్కి తీసుకో. నీకు నోరు రాకపోతే, ఆదివారం నేనే వచ్చి అందరి ముందూ చెబుతాను. ఆ పూట నువ్వు రేవుకి రాకపోయినా ఏమీ అనుకోను.

నీ కూతురు