నడుమ లేవని పురాణం

గద్వాల,
కార్తీక శుద్ధ ఏకాదశి.

చిరంజీవి సౌభాగ్యవతి సుహాసినికి ఆశీర్వచనములు.

నేడు బీచుపల్లి ఆంజనేయుని సన్నిధిలో భాగవత పారాయణకు సమాప్తి దినం. చదివిన నాలుకా, విన్న చెవులూ శుద్ధి పొందే దినం. ముప్పై ఎనిమిదేళ్లలో తొలిసారి పురాణం చెప్పే ఆ పీఠం మీద నేను లేను. ఇక్కడ మీ అమ్మ కుశలం. అక్కడ అల్లుడూ పిల్లలూ కుశలమని తలుస్తాను.

"మూత్రం ధార మంచిగ వస్తుందా నాయినా?" అని అడిగావు. రావడం లేదమ్మా. లేజరు ఆపరేషనై మూడు నెలలు. నిన్న వనపర్తి దవాఖానలో డాక్టరు పాత కాగితాలు తిరగేసి, "ప్రోస్టేటు గడ్డ తీసేసినం, తొవ్వ సాఫైంది పెద్దాయనా. మీ మూత్రసంచికే నెట్టే బలం లేదు. కొంచెమే గుణమొస్తదని, గొట్టం వాడాల్సి రావచ్చని, ముందే మీ బిడ్డకు చెప్పిన గద!" అన్నాడు.

తోడొచ్చిన చెన్నయ్య, నా పురాణానికి తాళం వాయించే మన చెన్నయ్యే, నవ్వించబోయాడు. "తలుపు తీసిండ్రు గని స్వామీ, లోపటోడు కదుల్తలేడు!" నాకు నవ్వు రాలేదు. ఇక రోజుకు నాలుగుసార్లు సన్నని గొట్టంతో నేనే తీసుకోవాలట.

ఆపరేషనుకు ముందు నీవు నాతో ఏమన్నావు? "మళ్ల ఎప్పటిలెక్కనే అయితవంట నాయినా." పద్యానికి లేని అర్థం చెప్పరాదని నీకు నేర్పినవాణ్ణి. నా దేహం గురించిన మాటకే నీవు లేని తాత్పర్యం చెప్పావు. తెలిసినా ఆపరేషనుకు ఒప్పుకునేవాణ్ణేమో. కానీ ఆ ఒప్పుకోలు నాది కావలసింది. పరాయివాడు మోసగిస్తే ఇంటికి వచ్చి చెప్పుకుంటాము. ఇంట్లోనే జరిగితే ఎక్కడికి పోవాలి?

ఇంతవరకు ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఆపరేషనుకు ముందు పరీక్షల కోసం, మూత్రానికి వెళ్లిన వేళలు రాయమని కాగితం ఇచ్చారు. మూడేసి గంటలకొకసారి అని రాశాను. అబద్ధం. పురాణం నడుమ లేస్తే మళ్లీ స్నానం చేయక గ్రంథం ముట్టరాదని, ఆరేసి గంటలు బిగబట్టి కూర్చునేవాణ్ణి. లేవకపోవడమే నా కీర్తి. గడ్డ అడ్డుపడిన ఏళ్లూ, నేను అణచిన ఏళ్లూ కలిసి ఆ సంచిని అలసిపోజేశాయేమో.

అందువల్ల నిన్ను క్షమించానని అనుకోకు. వచ్చే మంగళవారం రా. డాక్టరు ముందు ఇద్దరమూ ఉన్నదున్నట్టు చెబుదాము.

నేడు పీఠం మీద నా శిష్యురాలు మానస ఉంది. "అవసరమైతే లేవమ్మా, గ్రంథం ఎదురుచూస్తుంది" అని కబురంపాను. ఇకపై ఆ పీఠమెక్కే వారందరూ నిస్సంకోచంగా లేచి, నెమ్మదిగా వచ్చి కూర్చుందురు గాక. వారికి నిజం చెప్పేవారు వారి ఇంట్లోనే ఉందురు గాక.

ఇట్లు,
నీ నాయిన.