ఎర్రవీపు ఎలుక

భవాని పేట్, షోలాపూర్
1938 జనవరి 12

మామయ్యకు మీ మేనల్లుడి భార్య దండాలు.

పెళ్లయి ఆరేళ్లయినా నా కడుపు పండలేదనీ, మీ మేనల్లుడికి సిరిసిల్లలో రెండో పిల్లను చూశామనీ రాశారు. ముందు ఈ సంగతి వినండి.

దసరాకు మా మగ్గం గుంటలోని ఆడ ఎలుక ఒకటి ఎర్రరంగు తొట్టిలో పడింది. బతికి బయటపడింది కానీ వీపంతా ఎర్రబడింది. అందుకే దాన్ని ఎక్కడున్నా గుర్తుపడతాను. గుంటలో ఎలుకలు కిక్కిరిసి ఉండేవి. వాటిలో ముసలి ఆడది ఒక్కటే పిల్లల్ని పెట్టేది, ఎర్రవీపుదాన్ని కరిచి తరిమేది. చివరికి అది కట్టెల కొట్టంలోకి పోయింది. నిన్న చూస్తే దాని కింద ఆరు పిల్లలు!

అత్తమ్మకు చూపించాను. "ఎలుకల ముచ్చట జెప్పి నాకే బుద్ధి జెప్తవా? ఏరు పడుతవా ఏంది?" అని గయ్యిమంది.

అవును, వేరు పడతాను. ఉన్నది ఒక్కటే గది, అందులో మగ్గం పోగా మిగిలిన చోట తొమ్మిదిమందిమి పడుకుంటాం. మీ మేనల్లుడు గుంట అంచున, నేను అత్తమ్మకూ ఆడబిడ్డకూ నడుమ. ఆరేళ్లుగా అంతే. జోడ్‌భావి పేట్‌లో ఒక గది చూశాను, ఆయనా సరేనన్నారు. సోమవారం మేమిద్దరం అక్కడికి పోతున్నాం. పొద్దున్నే మగ్గం పనికి వస్తాం, చీకటి పడితే మా గదికి పోతాం.

ఆ సిరిసిల్ల పిల్లను తెస్తే తెండి, మామయ్యా. నా చోటు ఖాళీగానే ఉంటుంది, అత్తమ్మకూ ఆడబిడ్డకూ నడుమ.