కామెర్లని చెప్పకు

అన్నయ్యా, నువ్వు అబద్ధాలకోరువి. మన మేనత్త పోయింది రొమ్ము క్యాన్సర్‌తో. అది తెలిసీ ఇన్నేళ్ళూ కామెర్లని చెప్పుకొచ్చావు.

నేను కులాసాగానే ఉన్నాను. నిన్న రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఆ జబ్బుకి దారితీసే జన్యుమార్పు నాకుందట. జబ్బు లేదు, వచ్చే అవకాశం ఎక్కువ, అంతే. కంగారుపడి రైలెక్కకు.

పరీక్షకి ముందు డాక్టరమ్మ, "మీ నాన్నగారి వైపు ఎవరికైనా వచ్చిందా?" అని అడిగింది. "ఆడవాళ్ళ జబ్బుకి నాన్న వైపెందుకండీ?" అన్నాను. "మరి ఆ ముక్కు ఎవరిదమ్మా?" అంది. నాన్నదే! నవ్వుకుంటూ ఇంటికొచ్చి బాబాయికి ఫోన్ చేస్తే నీ కామెర్ల కథ బయటపడింది. ఒళ్ళు మండిపోయింది.

ఆ ముక్కే నీకూ, నీ కూతురికీ ఉంది. ఇదీ అలాగే వచ్చి ఉండొచ్చు, రాకపోయీ ఉండొచ్చు. చూపించుకుంటేగా తెలిసేది! పిల్లకేమో "మీ అమ్మ వైపు అందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు, నీకేం భయం" అన్నావట. నీ పరువు దాని ప్రాణం కంటే ఎక్కువా?

కవరులో పెట్టకుండా కార్డు మీద రాశానని వదిన అలిగితే అలగనీ. పోస్ట్‌మ్యాన్ చదివితే మరీ మంచిది, ఆయనకీ ఆడపిల్లలున్నారు. నీ మోకాలికి నూనె రాస్తున్నావా, లేక నేను రాసి పంపే వ్యాసాల్లాగే ఆ సీసానీ మూల పడేశావా? చిట్టితల్లికి నా ముద్దులు.

నాకు కావలసినవి ఇవి. నువ్వు పరీక్ష చేయించుకో. అత్తయ్య సంగతి పిల్లకి నీ నోటితోనే చెప్పు. సెలవుల్లో దాన్ని నా దగ్గరికి పంపు. ఈ కార్డు చింపకు. రేపు నాకేమైనా అయితే, కామెర్లని చెప్పకు.