గేటు పడితేనే బజ్జీలు

పిడుగురాళ్ల, 1986
మంగళవారం రాత్రి

నిద్ర పట్టడం లేదు. పొద్దున రైలు గేటు దగ్గరికి ఇంజనీరు వచ్చి మా కొట్లవాళ్లందర్నీ పిలిచాడు. పట్టాల మీదుగా వంతెన కడితే ఖర్చు తక్కువ, పనీ తొందరగా అవుతుంది, కానీ మా కొట్ల వరస మొత్తం పోతుందన్నాడు. పట్టాల కింద దారి తవ్వితే కొట్లు నిలుస్తాయి. అయితే కిందంతా సున్నపురాయి, డబ్బూ ఏళ్లూ రెండూ మింగుతుంది, ఏది కావాలో మీరే చెప్పండన్నాడు.

"కిందే తవ్వండి సారూ. ఆలస్యమైనా గట్టిగుంటది," అన్నాను అందరికంటే ముందు. గట్టిదనం గురించి నాకేం తెలుసు? గేటు పడితేనే లారీలు ఆగుతాయి, లారీలు ఆగితేనే నా బజ్జీలు. పని ఎన్నాళ్లు ఆలస్యమైతే నా పొయ్యి అన్నాళ్లు వెలుగుతుంది.

సాయంత్రం గేటు గంట మోగగానే అలవాటుగా బజ్జీలు నూనెలో వేశాను. గేటు పడింది. ముందు ఆగిన ట్రాక్టరు తొట్టిలో ఒక క్వారీ మనిషి, రాయి పడి కాలు నుజ్జయింది. ఆస్పత్రి గేటుకవతల. అతని భార్య నా దగ్గర నీళ్లు తీసుకుంటూ అడిగింది, "వంతెన ఎప్పుడేస్తారంట అక్కా?"

"ఏస్తార్లేమ్మా," అన్నాను. ఆమె ముఖం చూడలేకపోయాను. వెనక లారీవాళ్లు బజ్జీలడిగితే మాత్రం పొట్లాలు కట్టిచ్చాను. గేటు లేచేసరికి పళ్లెం ఖాళీ.

ఆ మనిషి ఏమయ్యాడో... రేపు ఇంజనీరు మళ్లీ వస్తాడు. మాట మార్చుకోవాలా? మార్చుకుంటే కొట్టు ఎక్కడ పెట్టుకోను?

ఇప్పుడు గేటు గంట వినిపిస్తోంది. పొయ్యి ఎప్పుడో ఆర్పేశాను. అయినా చెయ్యి పిండి గిన్నె కోసం లేచింది.