రెండు జానల దూది

అక్టోబరు 13, సోమవారం

ఈ డైరీ సంగతి ఎవరికీ తెలీదు. పైన ఫిజిక్స్ రికార్డు అట్ట తొడిగాను. ఫిజిక్స్ రికార్డు ఎవరూ దొంగతనంగా చదవరు.

రెండు వారాలు ఆటమ్ హాలిడేస్. అమ్మకి హాస్పిటల్లో డబుల్ షిఫ్టులు. అందుకని నన్ను తీసుకొచ్చి తాతయ్య దగ్గర పడేసింది. తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, ముప్పై నాలుగేళ్లు లిఫ్ట్ మెకానిక్. రిటైరయ్యాక సరస్సు ఒడ్డున ఈ రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాడు. ఇన్నాళ్లూ చీకట్లో పైకి చూస్తూ బతికాను, ఇక వెలుతుర్లో అడ్డంగా చూస్తూ బతుకుతాను అన్నాడట.

తాతయ్య టైమ్‌టేబుల్ మా స్కూలు కంటే స్ట్రిక్ట్. ఆరింటికి రేవు దగ్గరికి వెళ్లి బాతుల్ని లెక్కపెట్టడం. లిఫ్టులో మనుషుల్లాగా ఎనిమిదేసి చొప్పున లెక్కపెడతాడు, అలవాటు పోలేదు. పక్కింటి హెడ్మాస్టరుగారూ రిటైరే, ఆయనా లెక్కపెడతారు. ఇవాళ తాతయ్యకి నలభై, ఆయనకి నలభై మూడు. ఆ మూడూ మీ చత్వారానికి పుట్టిన పిల్లలయ్యా అన్నాడు తాతయ్య. నీకు ఎనిమిదో ఎక్కం తప్ప వేరే ఏదైనా వచ్చునా అన్నారు ఆయన. రోజూ ఇదే గొడవట. తర్వాత రాలిన ఆకులు ఊడవడం. తర్వాత వీధిలో వాళ్ల కత్తెరలకి సాన పట్టడం. పన్నెండు నుంచి చీకటి పడేదాకా షెడ్డు.

షెడ్డులో పడవ ఉంది. ఆరేళ్లుగా కడుతున్నాడు.

టీ తాగుతూ హెడ్మాస్టరుగారికి చెప్పాడు: ఇరవై ఆరు, ఆదివారం, పడవ సరస్సు దాటుతుంది, ముందు సీట్లో మా మనవరాలు.

నన్ను అడగలేదు. నేను నవ్వాను. భయమేస్తే నవ్వడం నా డిఫాల్ట్ సెట్టింగ్.

అక్టోబరు 14, మంగళవారం, రాత్రి 8:30

రాసేస్తాను. ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను.

జూన్‌లో స్కూలు పూల్‌లో స్విమ్మింగ్ టెస్ట్. డీప్ ఎండ్ వైపు కాలు జారింది. నీళ్లు ముక్కులోకి, చెవుల్లోకి. పైన అందరి కాళ్లూ కనిపించాయి, ఒక్క చెయ్యి కూడా కనిపించలేదు. కోచ్ జుట్టు పట్టుకుని లాగింది. పేరెంట్స్‌కి ఇవ్వమని లెటర్ ఇచ్చింది. ఇవ్వలేదు. ఆ లెటర్ ఈ డైరీ వెనక అట్టలోనే ఉంది. అప్పట్నుంచి స్విమ్మింగ్ క్లాస్ రోజున నాకు కడుపునొప్పి. అమ్మ నర్సు అయ్యుండీ నమ్మింది.

ఇక్కడ కిటికీ తెరిస్తే నీళ్లు. మూసినా చప్పుడు.

అమ్మ ఫోన్ చేసింది. ఇరవై ఆరున పడవ ఎక్కుతున్నావటగా, అదృష్టవంతురాలివే, నన్ను చిన్నప్పుడు లిఫ్టు తప్ప ఏదీ ఎక్కించలేదు మీ తాత అంది. ఊఁ అన్నాను.

అక్టోబరు 16, గురువారం

పడవ షెడ్డులో ఎత్తు దిమ్మెల మీద కూర్చుని ఉంది. చెక్కకీ చెక్కకీ మధ్య సందులుంటాయి. ఆ సందుల్లో పేనిన దూది పెట్టి, పొట్టి ఉలితో కొయ్య సుత్తితో దట్టించాలి. దాని మీద లప్పం, లప్పం మీద రంగు. దూది తాతయ్య మొత్తం దట్టించేశాడు. కింద వరస సందులకి లప్పం పెట్టాలంటే నేల మీద పడుకుని పైకి చూడాలి. నా మోకాళ్లు రిటైరయ్యాయి, నేను ఇంకా అవలేదు, ఈ పని నీదే పిల్లా అన్నాడు.

పని చేస్తూ కబుర్లు చెబుతాడు. వాళ్ల కంపెనీలో ఒక రూల్ ఉండేదట, ఎక్కడా రాసి ఉండదుట. లిఫ్టు రిపేరు చేసినవాడే అందులో ముందు ఎక్కాలి. ఒక్కడే. పైకి ఒకసారి, కిందకి ఒకసారి. ఆ తర్వాతే మిగతా జనం. ఆ ఒక్క రూల్ ఉంటే ఏ ఇన్స్పెక్టరూ అక్కర్లేదు, ఎవడి నట్టు వాడే బిగిస్తాడు అన్నాడు.

లైఫ్ జాకెట్ ఉందా అని అడిగాను, ఏదో మాటవరసకి అడిగినట్టు. తాతయ్యకి కోపం వచ్చింది. నేను కట్టిన పడవని నేనే అనుమానించాలా అన్నాడు.

అక్టోబరు 17, శుక్రవారం

తాతయ్య కత్తెరలు ఇచ్చి రావడానికి వెళ్లాడు. గంట పట్టింది.

హెయిర్‌పిన్‌తో కింద వరసలో ఒక సందులోంచి దూది లాగాను. లాగుతుంటే పేగులాగా వచ్చింది. రెండు జానల పొడవు. ఖాళీ సందు మీద లప్పం రాసేశాను. నున్నగా. మిగతా వాటికంటే నీట్‌గా వచ్చింది. దూది జేబులో ఉంది.

ప్లాన్ సింపుల్. పడవ నీళ్లలో పెట్టగానే కారుతుంది. రైడ్ క్యాన్సిల్. ఎవరికీ ఏమీ కాదు.

తాతయ్య వచ్చి నా లప్పం మీద బొటనవేలు రాసి చూశాడు. బలే చెయ్యి నీది అన్నాడు.

అక్టోబరు 18, శనివారం

రంగు పడింది. నా తప్పు ఇప్పుడు నీలంగా ఉంది.

అక్టోబరు 21, మంగళవారం, ఉదయం 7

పడవ మునిగిపోయింది!

నిన్న సాయంత్రం చైన్ పుల్లీతో రేవులోకి దింపారు. పొద్దున లేచి చూస్తే అంచుల దాకా నీళ్లు, మోకాలి లోతులో కూర్చుని ఉంది, బాత్‌టబ్‌లాగా. ఒక బాతు దాని లోపల ఈదుతోంది. హెడ్మాస్టరుగారు ఒడ్డున నిలబడి ఆ బాతుని కూడా లెక్కలో వేసుకుంటున్నారు.

ఆరేళ్లు కట్టాడు. ఒక్క రాత్రిలో నేను ముంచాను. హాయిగా ఉంటుందనుకున్నాను. లేదు.

అదే రోజు, మధ్యాహ్నం

తాతయ్య ఈల వేస్తున్నాడు.

మునగాల్సిందేనట! కావాలనే ముంచాడట. చెక్క ఆరేళ్లు షెడ్డులో ఎండింది, దాహం మీద ఉంది, ముందు కడుపునిండా తాగనివ్వాలి అన్నాడు. రెండు మూడు రోజులు నానితే చెక్క ఉబ్బి, దూదిని నొక్కి పట్టి, సందులు వాటంతట అవే బిగుసుకుంటాయట. ఏ కొత్త చెక్క పడవైనా మొదట ఇంతేనట. హెడ్మాస్టరుగారు దీన్ని తొట్టి అన్నారు. తొట్టి అయితే నీళ్లు నిలుస్తాయి కదయ్యా, అందుకే అందులో మీ బాతు అన్నాడు తాతయ్య.

నేనూ నవ్వాను. డిఫాల్ట్.

అక్టోబరు 23, గురువారం

బకెట్లతో నీళ్లు తోడేశారు. పడవ తేలింది. సందులన్నీ బిగుసుకున్నాయి.

ఒక్కటి తప్ప. అడుగున ఎడమవైపు నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. ఒక మగ్గు తోడితే పావుగంటకి ఇంకో మగ్గు. తాతయ్య ఒంగి, ఆ చెక్క మీద తట్టి, దీని దాహం ఇంకా తీరలేదు, మొండి ఘటం, ఆదివారానికి దారికొస్తుంది అన్నాడు.

అది దారికి రాదు. దాహం కాదు అది. అక్కడ దూదే లేదు. చెక్క ఎంత ఉబ్బినా నొక్కి పట్టడానికి ఏమీ లేదు. పైన ఉన్న లప్పం మెత్తబడితే మగ్గు కాదు, బకెట్లు బకెట్లు వస్తాయి. ఈ సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు.

ఒకవేళ రాకపోతే, అన్నాను. మధ్యలో తోడుకుంటూ పోదాం అన్నాడు. వీధి వీధంతా చూడ్డానికి వస్తోంది, ఆదివారం అంటే ఆదివారమే అన్నాడు. నేను కడుపునొప్పి అని చెప్పి తప్పించుకోవచ్చు. అది నాకు వచ్చిన విద్యే. కానీ తాతయ్య ఒక్కడే వెళ్తాడు.

నీకు ఈత వచ్చా తాతయ్యా అని అడిగాను.

పకపకా నవ్వాడు. లిఫ్టు షాఫ్టులో ఈత ఎక్కడ నేర్పుతారే పిచ్చిదానా అన్నాడు.

అక్టోబరు 24, శుక్రవారం, ఉదయం 5:40

నిద్ర లేదు. దూది దిండు కింద పెట్టుకున్నాను. ఇప్పుడు చెప్తాను. బాతుల దగ్గరికి వెళ్లేలోపే. ఇప్పుడే.

అదే రోజు, సాయంత్రం

చెప్పాను.

దూది చేతిలో పెట్టాను. లెటర్ కూడా ఇచ్చాను. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని లెటర్ మొత్తం చదివాడు, కోచ్ సంతకం దాకా. అరుస్తాడనుకున్నాను. దగ్గరికి తీసుకుంటాడని కూడా కాస్త అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఎంత పొడవు అని అడిగాడు. చెయ్యి చాపి చూపించాను. రెండు జానలు, అన్నాడు. బయటికి వెళ్లిపోయాడు.

బాతుల్ని లెక్కపెట్టలేదు. ఆకులు ఊడవలేదు. ఇవాళ ఒప్పుకుంటున్నావా నలభై ఆరు అని హెడ్మాస్టరుగారు గోడ మీంచి అరిస్తే, సరే నలభై ఆరే అన్నాడు. ఆయన భయపడిపోయి మా ఇంటికొచ్చి, మీ తాతకి జ్వరమా అమ్మడూ అని నన్ను అడిగారు.

మధ్యాహ్నం ఇద్దరూ కలిసి పడవని చైన్ పుల్లీతో ఒడ్డుకి లాగి బోర్లించారు. నేను తాడు పట్టుకున్నాను. నాతో మాట లేదు. అన్నం దగ్గర కూడా లేదు.

అన్నాలయ్యాక, ప్లేటు కడుగుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. నువ్వు భయపడ్డందుకు కాదు నా కోపం. భయం లేనివాణ్ణి నేనసలు షాఫ్టులోకే రానిచ్చేవాణ్ణి కాదు. ఖాళీ మీద లప్పం పూశావే, అందుకు. ఎక్కను తాతయ్యా అని ఒక్క ముక్క అంటే ఆ సీట్లో ఆ హెడ్మాస్టరుని కూర్చోబెట్టేవాణ్ణి కదే. ముంచినా ఆ ముసలాడు పైకి తేలతాడు, అంత గాలి ఉంది ఆయనలో.

నవ్వొచ్చింది. ఇది డిఫాల్ట్ కాదు. తర్వాత ఏడుపొచ్చింది. ప్లేటు తుడవమని నాకిచ్చాడు.

అక్టోబరు 25, శనివారం

నా లప్పం అంతా గీకేశాను. కొత్త దూది నేనే పేనాను. తాతయ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు, చెయ్యి పెట్టలేదు. మరీ గట్టిగా కొడితే చెక్క చీలుతుంది, మరీ మెల్లగా కొడితే దూది జారుతుంది. ఎంత గట్టిగా అని అడిగితే, చప్పుడు విను, డొల్ల మోత పోయి నిండు మోత వచ్చేదాకా అన్నాడు. నాలుగుసార్లు పీకించాడు. నాలుగుసార్లూ నా చేతే. అయిదోసారి సుత్తి తీసుకుని చివర తట్టి, చెవి పెట్టి విన్నాడు. ఏమీ అనలేదు. అంటే పాస్. లప్పం పెట్టమన్నాడు. రెండు జానలకి మూడు గంటలు. బొటనవేలి మీద బొబ్బ.

హెడ్మాస్టరుగారు ఆరెంజ్ లైఫ్ జాకెట్లు రెండు తెచ్చారు, ఎవరో పాత స్టూడెంట్ ఇచ్చాడట. తాతయ్య నోరెత్తకుండా ఒకటి తొడుక్కుని చూసుకున్నాడు. గుమ్మడిపండులా ఉన్నావయ్యా అన్నారు ఆయన. దానికీ నోరెత్తలేదు.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి లెటర్ సంగతి చెప్పాను. తాతయ్య చెప్పమనలేదు. నేనే చేశాను. జూన్ నుంచా, అంది అమ్మ. అన్ని కడుపునొప్పులూ అదేనా, అంది. ఊఁ అన్నాను. వచ్చాక మాట్లాడదాం, రేపు ఎక్కకు, నేను మీ తాతకి చెప్తా అంది.

తాతయ్య కూడా అదే అన్నాడు. రేపు నువ్వు గట్టు మీద నిలబడి చెయ్యి ఊపితే చాలు అన్నాడు.

అప్పుడు నేను వాళ్ల కంపెనీ రూల్ గుర్తుచేశాను. రిపేరు చేసిందెవరు అని అడిగాను.

తాతయ్య లేచి షెడ్డులోంచి తాడు చుట్ట తెచ్చాడు. తాడు కడతాను, ముప్పై మీటర్లే, రెండో కొస నా చేతిలోనే ఉంటుంది, నీకు వద్దనిపించిన క్షణం లాగేస్తాను అన్నాడు. అమ్మకి ఫోన్ చేసి అదంతా తనే చెప్పాడు. అటువైపు నుంచి అమ్మ అరుపు నాకు కూడా వినిపించింది. చివరికి, రెండు ముళ్లు వెయ్యి నాన్నా, అంది.

అక్టోబరు 26, ఆదివారం, 11:20

పడవలో. ఒక్కదాన్నే.

ఒడ్డు మీద వీధి వీధంతా. గుమ్మడిపండు తాడు పట్టుకుని ఉంది. హెడ్మాస్టరుగారు ఏదో అరుస్తున్నారు, నన్ను బాతుల్లో కలిపేసినట్టున్నారు.

నా జాకెట్ బకిల్ మళ్లీ ఒకసారి బిగించాను. ఎడమ అరచెయ్యి నా సందు మీద ఆనించి, కుడి చేత్తో రాస్తున్నాను. పేజీ తడుస్తోంది. వాన మొదలైంది.

అరచెయ్యి పొడిగానే ఉంది.

తాడు ఇంకొంచెం వదలమని చెయ్యి ఊపబోతున్నాను.