తలుపు వెనక చొక్కా

బుడ్డోడి అమ్మకి వాడి నాన్న రాసేది. దగ్గు పూర్తిగా తగ్గింది, బెంగపడకు. సెలవూ అయిపోయింది, ఇప్పుడు తగ్గి ఏం లాభం? దగ్గు తగ్గేదాకా వాడి దగ్గరికి వెళ్ళొద్దని డాక్టరమ్మ అనడంతో అక్కడ ఉన్నన్నాళ్ళూ వాణ్ణి గుమ్మంలోంచే చూసి వచ్చేశాను.

నిన్న నా బస్సు కిటకిటలాడుతుంటే ఒకావిడ తన చంటిపిల్లను డ్రైవరు కిటికీలోంచి నా చేతుల్లో పెట్టేసి, "కాస్త పట్టుకో అన్నా, ఎక్కి తీసుకుంటా" అంది. అలవాటైపోయి ఊపిరి బిగబట్టి మొహం పక్కకి తిప్పేసుకున్నాను. ఆవిడ వచ్చి, "ఏంటన్నా, పిల్లలంటే పడదా?" అని నవ్వింది. మనవాడికంటే ముందు పరాయి పిల్లను ఎత్తుకున్నాను, చూడు.

వాడికి బొడ్డు ఊడిందా? ఆ చోట నూనె, పసుపు ఏవీ పూయొద్దు. పాలు సరిగ్గా తాగుతున్నాడా? చేతులు కడుక్కోనిదే ఎవరికీ ఇవ్వకు, మా పెద్దక్కకైనా సరే, అలిగితే అలగనీ. ఒళ్ళు వెచ్చబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు, నా జవాబు కోసం చూడకు.

అత్తయ్యగారికి నమస్కారాలు, వాడికి ముద్దులు. కాగితంలో చోటు అయిపోతోంది, ఇంకొక్క మాట. తలుపు వెనక నా చొక్కా మర్చిపోయాను. వాడి కింద పరచాలనిపిస్తే ముందు వేడినీళ్ళలో ఉతుకు. ఉతికితే నా వాసన పోతుంది. అయినా ఉతుకు.