తారుమారైన రెండు రాళ్లు

అక్కా, నమస్తే. ఇక్కడ నేను, అమ్మ, చెల్లి బాగున్నాం. అక్కడ నువ్వూ, నీ బోరు బండీ బాగున్నారనుకుంటున్నా. మెసేజ్ పెద్దదైంది, విసుక్కోకుండా చివరిదాకా చదువు. తప్పులుంటే సర్దుకో, నా చదువు నీకు తెలిసిందేగా.

తింటున్నావా అని అడిగావు. అమ్మ కట్టిచ్చిన డబ్బా రోజూ ఖాళీయే. ఎవరితోనైనా మాట్లాడుతున్నావా అన్నావు. రాళ్లతో మాట్లాడుతున్నా. నవ్వకు.

నీ బండి భూమిలోంచి తీసి పంపే పొడుగాటి గుండ్రటి రాళ్లని కడిగి, ఆరబెట్టి, లోతు వరసలో ట్రేలో పేర్చడం నా పని. తర్వాత ఒక్కోదాంట్లోంచి నీళ్లు ఎంతసేపట్లో దిగుతాయో చూసి మా ల్యాబు మేడంకి చెప్తా. ఆవిడ ఆ అంకెలన్నీ కంప్యూటర్లో పెట్టి భూమి లోపలి బొమ్మ కడుతుంది. అన్నీ చిన్న చిన్న గళ్లు. ఒక గడిలో నీళ్లు పరిగెడతాయి, పక్క గడిలో కదలనే కదలవు.

"అంతా రాయే కదా మేడం, ఇలా ఎందుకు?" అని ఓసారి అడిగా.

"మీ ఇంట్లో అందరూ ఒక్కలాగే ఉంటారా? ఒకరు గలగలా వాగుతారు, ఒకరు నోరే విప్పరు. రాళ్లూ అంతే అబ్బాయ్" అంది. నోరు విప్పని రాయి నేనే అన్నట్టు చూసింది.

తెర మీద నీళ్లు నీలంగా పాకుతుంటే అలాగే ఉండిపోతా అక్కా. నేనే ఓ నీటిబొట్టునైనట్టుంటుంది. ఇసుక రేణువుల సందుల్లో, చీకట్లో, ఎటు దారిస్తే అటు. ఎవరూ తొందరపెట్టరు. ఎన్నేళ్లయినా పర్లేదు. వీధిలో నడుస్తున్నా కాళ్ల కింద ఆ నీలం కదులుతున్నట్టే ఉంటుంది. మొన్న బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయా.

ఇక అసలు సంగతి. మూడు రోజుల కింద ట్రే నా చేతిలోంచి జారింది. రాళ్లు దొర్లిపోయాయి. తడి చేతులతో పట్టుకున్నానేమో, రెండిటి మీద లోతు అంకెలు చెరిగిపోయాయి. రంగు చూసి పేర్చేశా. ఎవరూ చూడలేదు, నేనూ చెప్పలేదు. ఇవాళ ఆ రెండిటి విరిగిన అంచులు పక్క రాళ్లకి ఆనించి చూశా. అతకలేదు. అటుది ఇటు పెడితే చిగుళ్లో పన్నులా కూర్చున్నాయి. నీళ్లు దిగే రాయి కింద ఉండాలక్కా, బిగుసుకున్నది పైన. మేడం బొమ్మలో తలకిందులుగా ఉంది.

రేపు పొద్దున నువ్వు నీళ్లు లోపలికొచ్చే చిల్లుల పైపు పెట్టే లోతు మేడం ఆ బొమ్మ చూసి చెప్పిందే. మిగతాదంతా సిమెంటు పోశాక ఇక తీయలేం అని నువ్వే అన్నావు. నీ చేతికిచ్చిన మొదటి బోరు. చుక్క రాకపోతే మాట పడేది నువ్వు. మేడం ఫోన్ చేసేదాకా పైపు దింపకు.

ఆవిడకి చెప్పావా అంటావు. రెండుసార్లు తలుపు దాకా వెళ్లా. "ఏంటబ్బాయ్?" అంటే, "మంచినీళ్లు కావాలా మేడం?" అని అడిగా. ఇప్పుడు ఆవిడ టేబుల్ మీద రెండు గ్లాసులున్నాయి.

అందుకే ఇదంతా రాశా. నీకు పంపి, ఈ ఫోన్ ఇలాగే ఆవిడ చేతిలో పెడతా. నువ్వు మాట చెప్పి ఇప్పించిన పని, పోతే పోనీ. పక్కనే నిలబడతా, పారిపోను.

మేడం, ఇక్కడిదాకా చదివారంటే ముందు మా అక్కకి ఫోన్ చేయండి. నంబరు పైనే ఉంది. నన్ను తర్వాత తిట్టండి.

ఇట్లు,
తలుపు బయటున్న నీ తమ్ముడు